నడిచి చదవవలసిన వీధి: చాంపియన్ రీఫ్స్‌లో నీడ, అంగడి, అన్నం

పాఠం ఉద్దేశం

ఈ పాఠాన్ని ఇంట్లో కూర్చొని ఒకసారి, వీధిలో నడుస్తూ మరొకసారి చదవాలి. దూరపు ఊళ్ళకు వెళ్ళినప్పుడు అక్కడి అంగళ్ళను, హోటళ్ళను, చూడదగిన చోట్లను శ్రద్ధగా వెదకుతాం. నిత్యం నడిచే వీధిని మాత్రం చూడకుండానే దాటిపోతాం. చాంపియన్ రీఫ్స్‌ను ఒక ఉదయం అతిథిలా చూడటం, ఆ తరువాత గృహస్థులా ఆలోచించడం ఈ పాఠం నేర్పదలచిన పని. పాఠం ముగిసేసరికి మూడు ప్రశ్నలకు మీరు సమాధానం చెప్పగలగాలి. ఈ వీధుల్లో నీడ ఎలా వచ్చింది? ఇక్కడి అంగడి దేనిమీద బ్రతుకుతున్నది? వాటిని నిలబెట్టే బాధ్యత ఇప్పుడు ఎవరిది?

1. పేరులో ఉన్న చరిత్ర

పలుగురాయిలో బంగారం కలిసి, భూమిలోకి పలకలా దిగిన పొరను గనివారు రీఫ్ అంటారు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో ఉత్తర దక్షిణాలుగా సాగిన ముఖ్యమైన పొరకు చాంపియన్ అనే పేరు స్థిరపడింది. ఆ పొరపై వెలసిన గనికి, గని చుట్టూ పెరిగిన పేటకు అదే పేరు వచ్చింది. మనం నివసించే చోటు పేరు భూగర్భంలోని ఒక రాతిపొర పేరు అన్నమాట.

ఈ నేలలో బంగారం ఉన్నదన్న మాటను విని, 1802లో జాన్ వారెన్ అనే సైనికాధికారి గ్రామస్థుల సాయంతో పరీక్ష చేయించాడు. 1870 దశకంలో బెంగళూరులో నివసించిన లావెల్ అనే విశ్రాంత సైనికుడు తవ్వకానికి అనుమతి పొందాడు. 1880 తరువాత జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ రాకతో తవ్వకం పెద్ద పరిశ్రమగా మారింది. 1894లో రైలు మార్గం వచ్చింది. 1902లో కావేరీ తీరాన శివనసముద్రంలో ఉత్పత్తి చేసిన విద్యుత్తు సుమారు 150 కిలోమీటర్లు ప్రయాణించి ఇక్కడికి చేరింది. ఆ రోజుల్లో అంత దూరం విద్యుత్తును తీసుకువెళ్ళడం ప్రపంచమంతా గమనించిన విషయం. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, తరువాత కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి, ప్రపంచంలోని అతి లోతైన గనులలో ఒకటిగా పేరు పొందింది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అంతవరకు ఈ నేల సుమారు 800 టన్నుల బంగారాన్ని ఇచ్చింది.

ఇదంతా నడకకు ముందు గుర్తు చేసుకోవడానికి ఒక కారణం ఉన్నది. నూరేళ్ళకు పైగా ఇక్కడ రోడ్డు, నీరు, దీపం, ఆసుపత్రి అన్నీ గని కోసం, గని వలన నడిచాయి. గని ఆగింది. ఊరు ఆగలేదు.

2. నీడ పంపకం

కోలారు బంగారు గనులను ఒకప్పుడు చిన్న ఇంగ్లాండు అనేవారు. సముద్రమట్టానికి దాదాపు 850 మీటర్ల ఎత్తు, చల్లని ఉదయాలు, తోటల నడుమ పెంకుటి బంగళాలు ఆ పేరుకు కారణం. ఊరిగాం, చాంపియన్ రీఫ్స్ పరిసరాలలో ఇప్పటికీ మిగిలిన పాత బంగళాలను, వాటి ముందరి పెద్ద చెట్లను చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

అయితే ఆ పేరు సగం ఊరికే చెల్లింది. బంగళాలు దొరలవి, పై అధికారులవి. గనిలోకి దిగిన కూలీలు తొలిరోజుల్లో తడికల గుడిసెల్లో, తరువాత వరుసగా కట్టిన చిన్న ఇళ్ళలో ఉన్నారు. ఆ వరుసలనే మనం నేటికీ లైన్లు అంటున్నాం. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల తమిళులు, చిత్తూరు వైపు తెలుగువారు, చుట్టుపట్ల కన్నడిగులు, ఇంకా ఎందరో ఈ లైన్లలో ఇరుగుపొరుగుగా బ్రతికారు. బంగళాకు విశాలమైన ఆవరణ, ఆవరణ నిండా చెట్లు. లైనుకు ఇరుకైన వాకిలి, వాకిట్లో ఎండ. జీతంలాగే నీడ కూడా హోదాను బట్టి పంచబడింది. గని లోపలి వేడిలో ఎనిమిది గంటలు పనిచేసి పైకి వచ్చిన మనిషికే పైన నీడ తక్కువ.

ఇప్పుడు ఆ హోదాల ఊరు లేదు. వీధి చెట్టు కింద ఎవరైనా నిలబడవచ్చు. ఈ పేటకు దక్కిన వారసత్వంలో అందరూ సమానంగా వాడుకోగలిగినది ఆ నీడే. కాని దానికి నీరు పోసిన తోటమాలి, కొమ్మలు కత్తిరించిన గని సంస్థ నేడు లేవు. చెట్టును ఎవరూ చూడకపోతే ఒక గాలివానకో, ఒక గొడ్డలికో అది పోతుంది.

అందుకే చట్టాన్ని తెలుసుకోవాలి. కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం, 1976 ప్రకారం చెట్టును కొట్టడానికి ముందు వృక్షాధికారి అనుమతి తీసుకోవాలి. వీధి చెట్టుకే కాదు, సొంత పెరట్లోని చెట్టుకూ ఇది వర్తిస్తుంది. నీలగిరి, సరుగుడు వంటి కొన్ని జాతులకు మాత్రమే మినహాయింపు ఉన్నది. అడ్డం వచ్చిందనో, ఆకు రాలుతున్నదనో వేపను, కానుగను, చింతను ఎవరైనా కొట్టబోతే అనుమతి పత్రం చూపమని అడిగే హక్కు మీకు ఉన్నది.

3. నడక మొదలు: స్టేషను

నడకను చాంపియన్ రైల్వే స్టేషను నుండి మొదలుపెట్టడం మంచిది. బంగారుపేట నుండి మారికుప్పం వరకు వచ్చే రైలు మార్గంలో, ఊరిగాం, మారికుప్పం స్టేషన్ల నడుమ ఇది ఉన్నది. వీలైతే తెల్లవారకముందే రండి. చేతిలో టిఫిన్ డబ్బా, భుజాన సంచితో బెంగళూరు రైలు కోసం నిలబడిన స్త్రీపురుషులు కనిపిస్తారు. గని మూతపడిన తరువాత ఈ ఊరి సంపాదన చాలావరకు ఈ రైలెక్కి వెళ్ళి, ఇదే రైలులో తిరిగి వస్తున్నది. తండ్రి పాళీ సైరను విని గనికి నడిచిన ఇంటిలోనే నేడు కొడుకు, కోడలు రైలు కూత విని పరుగు తీస్తున్నారు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఉదయం వెళ్ళిన మనిషి రాత్రి వస్తాడు. అతడు టీ తాగేది, కూరగాయలు కొనేది, బిడ్డకు పలక తెచ్చేది చాలాసార్లు బెంగళూరులోనే. జీతం ఊరికి వస్తున్నది గాని ఖర్చు ఊరికి రావడం లేదు. చాంపియన్ రీఫ్స్ అంగళ్ళ కష్టమంతా ఈ ఒక్క వాక్యంలో ఉన్నది.

4. అంగళ్ళు

కోస్తా తెలుగువారు కొట్టు అంటారు. మనం అంగడి అంటాం. కన్నడం, తెలుగు కలిసి మెలిసిన ఈ సీమలో రెండు భాషలకూ సొంతమైన మాట అది. ఇక్కడ అంగడిలో బేరం తెలుగులో మొదలై, తమిళంలో సాగి, కన్నడంలో ముగియడం వింత కాదు. అంగడివానికి మూడు నాలుగు భాషలు రావడం ఈ పేటలో చదువు కిందకు రాదు, మర్యాద కిందకు వస్తుంది.

పేటలోని చిన్న అంగళ్ళను నాలుగు తరగతులుగా చూడవచ్చు. మొదటిది వీధి మూలన ఉన్న సరుకుల అంగడి. ఇది పావు కిలో రాగిపిండి కూడా ఇస్తుంది, తెలిసిన ఇంటికి అరువూ ఇస్తుంది. రెండవది కూరగాయల తోపుడు బండి. కోలారు జిల్లా టమాటాకు, శ్రీనివాసపురం మామిడికి దేశమంతా పేరున్నది. ఆ పంట మనకు తాజాగా దొరికేది ఈ బండి మీదనే. మూడవది చేతిపని అంగడి: కుట్టుపని, చెప్పుల మరమ్మతు, సైకిలు పంచరు, పాత్రలకు మాట్లు. నాలుగవది పూలు, పాలు, వార్తాపత్రికలు అమ్మే ఉదయపు అంగడి. పెద్ద కొనుగోళ్ళకు రాబర్ట్‌సన్‌పేటకు వెళ్ళాలి. మైసూరులో బ్రిటిష్ రెసిడెంటుగా ఉన్న డోనాల్డ్ రాబర్ట్‌సన్ పేరుమీద వెలసిన ఆ పేటలో ఒకదాన్నొకటి కోసే తిన్నని అడ్డవీధులు, ఎం.జి. మార్కెట్ ఉన్నాయి.

అంగడిలో పౌరుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

తూకం: తూనిక రాళ్ళమీద, ఎలక్ట్రానిక్ కాటామీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. ఎలక్ట్రానిక్ కాటాను ఏటా పరీక్షించి ముద్ర వేయించుకోవాలి.

ధర: పొట్లం మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి ఒక్క రూపాయి కూడా అడగరాదు. చల్లగా ఉంచినందుకు అదనమనే మాట చెల్లదు.

సంచి: ఇంటినుండి గుడ్డ సంచి తీసుకువెళ్ళండి. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు అనేకం 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషిద్ధం. కర్ణాటకలో ప్లాస్టిక్ సంచుల నిషేధం 2016 నుండే ఉన్నది.

ఇక తోపుడు బండివారి హక్కు కూడా తెలియాలి. వీధి వర్తకుల చట్టం, 2014 వారిని ఆక్రమణదారులుగా కాక జీవనోపాధి గల పౌరులుగా గుర్తించింది. పట్టణ వర్తక సంఘంలో కనీసం నూటికి 40 మంది వీధి వర్తకులే ఉండాలనీ, వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండాలనీ ఆ చట్టం చెబుతున్నది. వర్తకపు గుర్తింపు పత్రం పొందినవారు దానిని దగ్గర ఉంచుకోవాలి. పాదచారి దారిని విడిచి బండి నిలుపుకోవడం వర్తకుని బాధ్యత. బండి పక్కనే మోటారు సైకిలు ఆపి దారి మూయకపోవడం కొనేవారి బాధ్యత.

5. హోటళ్ళు, ఇంటి రుచులు

మన ప్రాంతంలో హోటల్ అంటే బస చేసే చోటు కాదు, తినే చోటు. నాలుగు బల్లలు, గాజు బీరువాలో వడలు, ఆవిరి కక్కే ఇడ్లీ పాత్ర, పొడవాటి గ్లాసులో కాఫీ ఉంటే అది హోటలే. ఈ పేట వంటను తిన్నవారికి దీని చరిత్రను వేరే చెప్పనక్కరలేదు. తమిళుల ఇడ్లీ సాంబారు, కన్నడిగుల బస్సారు, తెలుగువారి ఊరగాయ, పచ్చళ్ళు ఒకే బల్లమీద కనిపిస్తాయి. ఆంబూరు, వాణియంబాడి దూరం కాదు గనుక ఆ వైపు బిర్యానీ కూడా ఇక్కడి నాలుకకు పరిచయమే.

కోలారు సీమ అసలు భోజనం రాగిముద్ద. ముద్దను నమలరు. చారులో అద్ది మింగుతారు. దానికి ఉలవచారు, ఆకుకూర పులుసు, కోడికూర దేనికదే సాటి. మార్గశిర పుష్య మాసాల్లో అనపకాయలు వస్తాయి. గింజలను నానబెట్టి, వేళ్ళతో పితికి పొట్టు తీస్తే పితికిపప్పు. చిత్తూరు నుండి కోలారు వరకు ఆ రోజుల్లో ఏ ఇంటి ముందు చూసినా ఆడవారు, పిల్లలు గుండ్రంగా కూర్చొని పప్పు పితుకుతూ ఉంటారు. రాష్ట్రాల సరిహద్దు గీత ఈ పప్పును వేరు చేయలేకపోయింది.

వీటికి తోడు ఈ ఊరిలో మరొక వంట ఉన్నది. గనుల్లో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల పసుపన్నం, కైమా ఉండల కూర, క్రిస్మసు కేకులు ఇక్కడి ఇళ్ళకు పరిచయం. ఈ గనుల ఊరిలోనే పెరిగిన బ్రిడ్జెట్ వైట్ కుమార్ ఆ వంటలను పుస్తకాలుగా వ్రాసి ప్రపంచానికి తెలియజేశారు. మన అమ్మమ్మల ముద్దకు, పితికిపప్పుకు కూడా అలాంటి వ్రాత అవసరం. ఆ పనిని మీ ఇంటినుండే మొదలుపెట్టవచ్చు.

తినే చోట గమనించవలసినవి: ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల సంఖ్య కనిపించేలా ఉన్నదా? తాగే నీరు మూతపెట్టి ఉన్నదా? తడి చెత్త, పొడి చెత్త వేరుగా వేస్తున్నారా? ఈ మూడింటిని కోపంతో కాక, చిరునవ్వుతో అడగండి. అడిగేవారు ఉన్నారని తెలిసిన హోటలు శుభ్రంగా ఉంటుంది.

6. చూడదగినవి

చాంపియన్ రీఫ్స్‌లో చూడదగినవి ఎత్తైన గోపురాలు కావు, జ్ఞాపకాలు. గని బావుల మీద నిలిచిన ఇనుప చట్రాలను రోడ్డుమీద నుండే చూడండి. వాటి పైనున్న చక్రాల మీదుగా సాగిన తాళ్ళే మనుషులను లోపలికి దించి, పైకి తెచ్చేవి. ఆ చక్రం తిరగడం ఆగిన రోజు ఎన్ని పొయ్యిలు ఆరాయో పెద్దవారిని అడిగితే చెబుతారు.

విజ్ఞానశాస్త్రంలోనూ ఈ పేటకు చోటున్నది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు మించిన లోతున, టాటా ప్రాథమిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు జపాను, ఇంగ్లాండు శాస్త్రజ్ఞులతో కలిసి, వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ కనుగొన్నారు. న్యూట్రినో అనేది భూమిని కూడా సునాయాసంగా దాటిపోయే అతి సూక్ష్మ కణం. మిగిలిన కణాలలో దాదాపు అన్నింటిని పై రాయి అడ్డగిస్తుంది గనుకనే అంత లోతు అవసరమైంది. ప్రపంచంలో ఇటువంటి తొలి పరిశోధనలలో ఇది ఒకటి. 1988లో స్థాపించిన జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థ కూడా చాంపియన్ రీఫ్స్‌లోనే తన పని మొదలుపెట్టింది. గనిలో రాళ్ళు పగిలి ప్రాణాలు తీసిన అనుభవమే ఆ శాస్త్రానికి ఇక్కడ పునాది.

అవర్ లేడీ ఆఫ్ విక్టరీస్ చర్చి, లైన్ల మధ్య వెలసిన అమ్మవారి గుళ్ళు, మసీదులు దగ్గర దగ్గరగా ఉన్నాయి. పండుగ ఎవరిదైనా తోరణం కట్టే చేతులు అందరివీ. ఇంకొంత సమయం ఉంటే 108 అడుగుల శివలింగం ఉన్న కమ్మసంద్ర కోటిలింగేశ్వరానికి, బంగారు తిరుపతికి, పాలారు నీటిని నిలిపిన బేతమంగల చెరువుకు వెళ్ళిరావచ్చు. గనుల ఊరికి తాగునీరు ఇచ్చింది ఆ చెరువే.

7. దూరం నుండి మాత్రమే చూడవలసినవి

తెల్లని గుట్టలు చాలామందిని ఆకర్షిస్తాయి. 2018లో ఈ ఊరి పేరుతో వచ్చిన కన్నడ చలనచిత్రం తరువాత అక్కడ ఫోటోలు తీసుకోవాలని వచ్చేవారు ఎక్కువైనారు. అవి సహజమైన కొండలు కావు. రాతిని పొడిచేసి, సైనైడుతో బంగారం తీసిన తరువాత మిగిలిన పిండి. అటువంటి గుట్టలు 13 ఉన్నాయి. వాటిలో సుమారు 3.3 కోట్ల టన్నుల పదార్థం ఉన్నది. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇళ్ళమీదికి వస్తుంది. పిల్లలను వాటిపై ఆడనివ్వకండి. అక్కడ పండ్లు, తినుబండారాలు తెరిచి పెట్టకండి. మూసివేసిన గని బావుల కంచె దాటడం ప్రాణాపాయం. దుమ్ముకు అడ్డుగా నిలిచేది చెట్లే గనుక, గుట్టలవైపున్న ప్రతి చెట్టూ ఆ వీధికి కాపలాదారు.

8. ఒక చిన్న లెక్క

ఇప్పుడు పాఠం మొదట అడిగిన ప్రశ్నకు వద్దాం. ఊరికి వచ్చిన జీతం ఊరిలో ఎలా నిలుస్తుంది?

ఒక ఊహాలెక్క వేయండి. ఒక కుటుంబం బయట కొనే సరుకులో వారానికి 200 రూపాయల సరుకును తమ వీధిలోనే కొన్నదనుకొందాం. అలాంటి కుటుంబాలు 500 ఉంటే వారానికి 1,00,000 రూపాయలు. ఏడాదికి 52 వారాలు గనుక 52,00,000 రూపాయలు. ఈ సొమ్ము కొత్తగా ఎవరూ సంపాదించనక్కరలేదు. ఉన్న ఖర్చు కొంత దారి మార్చుకొంటే చాలు. ఆ డబ్బు అంగడివాని చేతికి, అతని నుండి కూరగాయలు పండించిన రైతుకు, కుట్టుపని చేసే స్త్రీకి, అద్దె రూపంలో ఇంటి యజమానికి చేరుతుంది. ఒక రూపాయి ఊరు దాటే ముందు రెండు మూడు చేతులు మారితే ఆ రూపాయి రెండు మూడు పనులు చేసినట్లే.

చెట్టు లెక్క కూడా ఇటువంటిదే. నీడ ఉన్న వీధిలో మధ్యాహ్నం కూడా మనుషులు నడుస్తారు. నడిచేవారు ఉంటే అంగడి తెరచి ఉంటుంది. అంగడి తెరచి ఉంటే దీపం వెలుగుతుంది. దీపం ఉంటే రాత్రి రైలు దిగిన ఆడపిల్ల భయం లేకుండా ఇంటికి చేరుతుంది. చెట్టును కొట్టడంతో మొదలైన నష్టం ఆ పిల్ల నడకదాకా వస్తుంది. మొక్కను నాటడంతో మొదలైన లాభమూ అంతదూరం వస్తుంది.

గని ఇచ్చిన రోజుల్లో మనం తీసుకొన్నాం. గని లేని రోజుల్లో ఒకరికొకరం ఇచ్చుకోవాలి. ఈ పేటలో బంగారం తవ్వే పని ముగిసింది. వీధిని నిలబెట్టే పని ముగియలేదు.

అభ్యాసం

1. మీ ఇంటినుండి చాంపియన్ స్టేషను వరకు నడవండి. దారిలోని చెట్లను లెక్కించి, వాటి పేర్లు వ్రాయండి. నీడలేని స్థలాలను గుర్తించి, నగరసభకు ఇచ్చే వినతిపత్రంలో చేర్చండి.

2. మీ వీధిలోని అంగళ్ళను ఈ పాఠంలోని నాలుగు తరగతులుగా విభజించండి. ఏ తరగతి అంగడి లేదో, దానికోసం ఎక్కడికి వెళ్ళవలసి వస్తున్నదో వ్రాయండి.

3. ఒక వారం మీ ఇంటి ఖర్చును రెండు వరుసలుగా వ్రాయండి: మన వీధిలో పెట్టినది, బయట పెట్టినది. రెండవ వరుసనుండి మొదటి వరుసకు ఏది మార్చగలరో ఇంట్లో చర్చించండి.

4. గనిలో పనిచేసిన తాతగారినో, ఆయన భార్యనో కలిసి ఒక వంటను, ఒక చెట్టును, ఒక అంగడిని గురించి అడిగి వ్రాయండి. వ్రాసినది వారికే చదివి వినిపించండి.

5. చర్చించండి: ఒకప్పుడు హోదాను బట్టి పంచిన నీడను నేడు అందరికీ సమానంగా చేర్చాలంటే మొదటి మొక్కను ఎక్కడ నాటాలి?